పిల్లల కోవిడ్: మందు కోసం కంగారు వద్దు

పిల్లాడికి జ్వరం వచ్చి, టెస్టులో కోవిడ్ అని తేలగానే ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే: "ఏం మందు వేయాలి?" ఎక్కువమంది పిల్లలకు దీనికి సరైన జవాబు, "జ్వరం మందు తప్ప పెద్దగా ఏమీ వద్దు" అని. అది మనకు రుచించదు. డాక్టరు ఏమీ రాయకుండా పంపిస్తే సరిగా చూడలేదనే అనుకుంటాం. ఆ అసంతృప్తితో అల్మరాలో మిగిలిపోయిన అజిత్రోమైసిన్ సీసా వెతకడం మాత్రం పిల్లలకు చేటు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, విరేచనాలు మాత్రం తెచ్చిపెట్టగలదు.

పిల్లల్లో ఇది ఎక్కువగా మామూలు జలుబులాగే వచ్చిపోతుంది. జ్వరం, దగ్గు, ముక్కు కారడం, గొంతునొప్పి. కొందరిలో వాంతులు, విరేచనాలే ముందు కనిపిస్తాయి, తిన్నది పడలేదేమో అనుకుంటాం. ఒమిక్రాన్ వచ్చాక చిన్నపిల్లల్లో క్రూప్ (గొంతులో ఊపిరి దారి వాచడం) కూడా బాగా కనిపించింది. గొంతు బొంగురుపోయి, కుక్క మొరిగినట్టు దగ్గుతారు.

జ్వరానికి పారాసిటమాల్ చాలు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: ఒక్కో విడతకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, విడతకీ విడతకీ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు. సిరప్‌లన్నీ ఒకే గాఢతలో ఉండవు కాబట్టి సీసా మీద చదివే వేయాలి. ఆస్పిరిన్ మాత్రం ఇంట్లో ఎవరూ వేయకూడదు. వైరల్ జ్వరాల్లో అది పిల్లల మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారితీయవచ్చు.

స్టెరాయిడ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. క్రూప్‌తో ఊపిరాడని బిడ్డకు డాక్టరు ఇచ్చే ఒక్క డోసు డెక్సామెథసోన్ కొద్ది గంటల్లోనే ఎంతో ఉపశమనం ఇస్తుంది. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన పిల్లలకూ స్టెరాయిడ్లు వాడతారు. అదే మందు మామూలు కోవిడ్‌లో మొదటిరోజే వేస్తే మేలు జరగకపోగా, వైరస్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తినే తగ్గించవచ్చు. అందుకే "మావాడికి దీంతోనే తగ్గింది" అని ఫోన్లో ఎవరైనా ఆప్యాయంగా చెప్పినా వినకండి.

మరి అమ్మానాన్నలు చేయాల్సిందేమిటి? చూడటం. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని, నిమిషం నిండేదాకా ఊపిరి లెక్కపెట్టండి. పొట్ట, ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి. 2 నెలల లోపు పసివాళ్లలో 60, ఏడాది లోపు 50, 5 ఏళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, లేపితే సరిగా లేవకపోయినా లెక్కపెడుతూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పాలు, నీళ్లు తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా ఆలస్యం వద్దు. 3 నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే మిగతా లక్షణాల కోసం ఆగకండి. ఊబకాయం, మధుమేహం, నరాల జబ్బులున్న పిల్లల విషయంలోనూ, నెలలు నిండక పుట్టిన పసివాళ్ల విషయంలోనూ ముందుగానే డాక్టరుతో మాట్లాడటం మంచిది.

జ్వరం తగ్గాక మనం ఊపిరి పీల్చుకుంటాం, అది సహజమే. అయితే 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ వైద్యులు గుర్తించి హెచ్చరించిన ఎంఐఎస్-సి అనే, ఒంట్లో చాలా అవయవాలకు వాపు తెచ్చే జబ్బు, ఇన్‌ఫెక్షన్ వచ్చిన 2 నుంచి 6 వారాల తర్వాత మొదలవుతుంది. ఇప్పుడు చాలా అరుదు. తగ్గని జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, ఒంటిమీద దద్దుర్లు, విపరీతమైన కడుపునొప్పి దీని గుర్తులు. గుండె దెబ్బతిని బీపీ పడిపోవచ్చు. ఆస్పత్రిలో ఇమ్యునోగ్లోబ్యులిన్, స్టెరాయిడ్లు సకాలంలో ఇస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. కడుపునొప్పి చూసి అపెండిసైటిస్ అని పొరబడే అవకాశం ఉంది కాబట్టి, గత నెలన్నరలో పిల్లాడికిగానీ ఇంట్లో ఇంకెవరికైనాగానీ కోవిడ్ వచ్చి ఉంటే, ఎంత తేలికగా పోయినా సరే, డాక్టరు అడగకముందే చెప్పండి.