విమానం తోకలోని నారింజ రంగు పెట్టె గారికి

మహారాజశ్రీ ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్ గారికి ఒడిశాలోని జయపురం నుంచి, కూలిన విమానాలను కొండల్లో వెతికే మా నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా విమానం తోకలో పనీపాటా లేకుండా క్షేమంగానే ఉన్నారని తలుస్తాం.

తమరి ఉద్యోగం ఒక్కటే: విమానం కూలితే కేకెయ్యడం. ఈ కాలం వారైతే 406 మెగాహెర్ట్జ్ మీద, 50 సెకన్లకోసారి, అర సెకను పాటు. ఉపగ్రహం విని బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చెబుతుంది. జీపీఎస్ లేకపోయినా 5 కిలోమీటర్లు అటూ ఇటూగా చోటు తెలుస్తుంది. అంటే వెతకాల్సింది 78 చదరపు కిలోమీటర్లు. తమరి పెద్దలు, 121.5 మెగాహెర్ట్జ్ వారి లెక్కలో తేడా 20 కిలోమీటర్లు. అప్పుడు 1,250 చదరపు కిలోమీటర్ల పైమాటే. మా దేవమాలి శిఖరం చుట్టూ కొండల్లో అదెంత దూరమో తమరికేం తెలుసు, నడిచేది మేం కదా. పైగా 2009 ఫిబ్రవరి 1 నుంచి ఆ పెద్దల గోల ఉపగ్రహాలు వినడమే మానేశాయి. నూటికి తొంభైకి పైగా దొంగ కేకలైతే ఎవరు మాత్రం వింటారు? విమానం కాస్త గట్టిగా దిగితే కేక, షెడ్డులో మెకానిక్కు చెయ్యి జారితే కేక. నిజంగా కూలిన రోజు మౌనవ్రతం.

ఆ మౌనం గుట్టు మాకు తెలుసు. చాలాసార్లు పెట్టె బాగానే ఉంటుంది, యాంటెన్నాకు వెళ్లే వైరు తెగుతుంది. విమానం తలకిందులైతే యాంటెన్నాయే విరుగుతుంది. వెల్క్రో పట్టీతో కట్టి ఉంటే తమరు దెబ్బకి ఊడి, వైరును కూడా పీక్కుని పోతారు. నీళ్లలో మునిగితే గొంతు పెగలదు. మంటల సంగతి చెప్పక్కర్లేదు. మనుషులు లేచి నడిచిరాగల ప్రమాదంలో మాత్రం బ్రహ్మాండంగా అరుస్తారు.

2007 సెప్టెంబరు 3న అమెరికా సాహసికుడు స్టీవ్ ఫాసెట్ నెవాడాలో చిన్న విమానమెక్కి మళ్లీ రాలేదు. అందులో తమరి జాతి పెట్టె ఉంది, కిక్కురుమనలేదు. ఏడాది తర్వాత కొండల్లో నడుస్తున్న ఒకాయనకు ఫాసెట్ గుర్తింపు కార్డులు దొరికాయి, 2008 అక్టోబరు 1న శకలాలు బయటపడ్డాయి. 1968 ఫిబ్రవరి 7న రోహ్‌తాంగ్ వైపు 102 మందితో మాయమైన మన వాయుసేన ఏఎన్-12 విమానం ఆనవాలు కూడా 2003లో పర్వతారోహకులకే చిక్కింది.

పాతకాలం విమానాల్లో తమరసలు లేనే లేరు, ఆ నింద మీకొద్దు. 1962 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లో ఐదుగురితో కనబడకుండా పోయిన డ్రాగన్‌ఫ్లై విమానం ఒళ్లు ప్లైవుడ్డు, రెక్కలు కర్రా గుడ్డా. అన్నేళ్ల వానకి అవి మట్టిలో కలిసిపోతాయి, ఇంజన్లు మిగులుతాయి. వాటిలో ఉక్కు ఉంటుంది గనక ఇనుమును పసిగట్టే మాగ్నెటోమీటర్ పట్టగలదు. పాత డకోటా విమానమైతే 95 అడుగుల రెక్కలున్నా, ఒళ్లూ రెక్కలూ అల్యూమినియమే; ఇంజన్లలాంటి ఉక్కు భాగాలు తప్ప మిగతాది మాగ్నెటోమీటర్‌కు కనబడదు. మెటల్ డిటెక్టర్‌కు కనబడుతుంది గానీ చేతికందే దూరం దాటితే దానికి చూపు ఆనదు.

మా కొండల్లో ఇంకో తిరకాసు. విమానంలో పైనుంచి చూసేవాళ్లు శిఖరం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ వెతకాలి. లోయలోంచి పైకెక్కుతూ వెతికితే వాళ్ల కోసం మరో జట్టు బయల్దేరాల్సి వస్తుంది. విరిగిన చెట్ల కొమ్మలు ఒక్క వానాకాలానికే మళ్లీ చిగురు కప్పేస్తాయి. వేసవిలో పోడు కాల్చిన మచ్చ అచ్చం విమానం కూలిన చోటులాగే నల్లగా కనబడుతుంది, ఇంటి కప్పు రేకు రెక్కలాగే తళుక్కుమంటుంది. కాబట్టి ముందు అడగాల్సింది ఇప్పపువ్వు ఏరేవాళ్లని. వాళ్లు చెట్ల కింద నేలంతా ఊడ్చి మరీ ఏరుతారు. అయితే "విమానం చూశారా?" అంటే లేదంటారు. "అడవిలో వరసగా రివెట్లు కొట్టిన రేకు ముక్కేదైనా దొరికిందా?" అనాలి. దొరికితే అది ఈపాటికి కోళ్లగూటి మీదికెక్కి ఉంటుంది. అడవిలోకి బయల్దేరే ముందు ఊళ్లో గూళ్లూ, పశువుల కొట్టాలూ ఓసారి చూడాలి.

ఇక తమరితో పని. ఆ వెల్క్రో విప్పించుకుని లోహపు పట్టీ బిగించుకోండి. యాంటెన్నాను దగ్గరగా పెట్టించుకుని వైరు పొట్టి చేయించుకోండి. మొత్తం మీద గంటకు మించి అరిచినా, గడువులో సగం దాటినా బ్యాటరీ మార్చమని ఓనరును పోరండి. బెంగళూరులో పేరు రాయించేటప్పుడు ఆయన పాత నంబరు కాకుండా, రాత్రి రెండింటికి మోగినా ఎత్తే మనిషి నంబరు ఇప్పించండి.

ఇట్లు,
కొండలెక్కి వెతికేవాళ్లు,
జయపురం, కొరాపుట్ జిల్లా