జీరో టికెట్టుకు నిండు విచారణ

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అవ్వకు ఉచితం, అమ్మకు ఉచితం, అక్కకూ ఉచితమే. నాన్న పనికి పోయిన రోజు ఆ ఇంటి నుంచి డబ్బులిచ్చి టికెట్టు కొనేది ఆరేళ్ల బుడ్డోడొక్కడే. ఐదేళ్లు దాటాయి కాబట్టి హాఫ్ టికెట్టు. మగదిక్కు కదా, చిన్నప్పుడే బాధ్యత తెలియాలి.

వాడి సంగతి అంతటితో సరి. అసలు కేసు ఆడపిల్లది. ఆమె ఆధార్ లాంటి ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించాలి. జిరాక్స్ చెల్లదు, ఫోన్లో ఫొటో చెల్లదు. ఆధార్‌లోనేమో పిల్లల వేలిముద్రలూ ఫొటో ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక మరోసారి కొత్తగా ఇవ్వాలి. అంటే పద్నాలుగేళ్ల పిల్ల అన్ని నియమాలూ పాటించినా కార్డు మీద ఉండేది ఐదేళ్ల ముఖమే. మధ్యలో పెరిగితే అది ఆమె తప్పు.

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వచ్చే పొద్దుటి బస్సును ఊహించుకోండి. పెద్ద కష్టమేం కాదు. అప్పన్నపల్లి దాటింది. ఊపిరాడని ఆ బస్సులో కండక్టరుగారు కార్డును వెలుతురుకు పట్టి పరిశీలిస్తున్నారు.

"గీ ఫొటోల ఉన్నది నువ్వేనా బిడ్డా?"

"నేనే సారూ."

"గిందుల ముందర పండ్లు లేవు. నీకేమో నోటినిండ ఉన్నయి."

"వచ్చినయి సారూ."

"ఎప్పుడొచ్చినయి? ఎవరన్న సాక్షమున్నరా?"

వెనక సీటు అవ్వ లేచి, ముక్కు మాత్రం అదే ముక్కని సాక్ష్యమిచ్చింది. పక్కనున్న పెద్దమనిషి చెవులు కూడా సరిపోల్చాలని సలహా పడేశాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, కార్డులో పిల్లకు రెండు జడలు, ఈ పిల్లకు ఒకటే అని అభ్యంతరం చెప్పాడు. ఏనుగొండ వచ్చినా తీర్పు రాలేదు. మెట్టుగడ్డలో దిగాల్సిన వాళ్లు కూడా తీర్పు వినే దిగుదామని ఆగిపోయారు.

ఈ పిల్లకు కనీసం కార్డుంది. లేని పిల్లల సంగతి? పాలమూరులో అమ్మానాన్నలు పుణెకో ముంబైకో పనికి పోతే పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతారు. కాగితాలు పెట్టెలో ఉంటాయి, పెట్టె తాళం పుణెలో ఉంటుంది. బడికి పోయే పిల్ల చేతిలో నలిగిన జిరాక్స్ ఒక్కటే ఉంటుంది. "రేపు ఒరిజినల్ తే" అని ఆమెను జాతీయ రహదారి పక్కన, లారీలు దూసుకుపోయే చోట దింపేస్తే, ఏం కాపాడినట్టు? ఎవరి సొమ్ము? ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్టు కొడితే ఆ ఛార్జీ సర్కారు కడుతుంది, కండక్టరు జేబులోంచి పైసా పోదు. తెలంగాణ పిల్లో కాదో తేలాలంటారా? ఒంటి మీద సర్కారు బడి యూనిఫాం ఉంది, భుజాన పుస్తకాల సంచీ ఉంది, నోరు తెరిస్తే పాలమూరు మాట. రాయచూరు నుంచి ఉచిత ప్రయాణం కొట్టేయడానికి వచ్చిన ముఠాలా కనిపించిందా మీకు?

బడి పిల్లలకు యూనిఫామే కార్డని ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ఆ సర్క్యులర్ మీద సంతకం పెట్టే అధికారిని కూడా ముందు తన ఐదేళ్లప్పటి ఫొటో చూపించమనండి. ముక్కు కలిస్తేనే సంతకం.