వాడిక చెడితే

మా మేనల్లుడి కంపెనీ భీమవరంలో ఓ రొయ్యల మేత కొట్టు మేడ మీద ఉంటుంది. కింద మేత వాసన, పైన ఏసీ చల్లదనం. మెట్లెక్కుతుంటే సరిగ్గా సగంలో ఆ రెండూ కలుస్తాయి. ఆ మెట్టు మీద నిలబడి, కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఫోన్‌లో రైతుని బతిమాలుతున్న కుర్రాడు కనిపిస్తే అతనే కస్టమర్ సక్సెస్ మేనేజరని, అంటే చందాదారులు జారిపోకుండా చూసుకునే మనిషని, పోల్చుకునేవాళ్లం.

కంపెనీ చేసే పని చెరువు పుస్తకాన్ని ఫోన్‌లోకి ఎక్కించడం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, ఏ పూట ఎన్ని కిలోల మేత పడింది, రొయ్య ఎంత తింటోందో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, రొయ్య ఎన్ని గ్రాములకొచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. ఒక్కో చెరువుకి నెలకింత అని చందా. "సాఫ్టువేరు అమ్మడం లేదు మావయ్యా, సర్వీసుగా ఇస్తున్నాం. ప్రపంచమంతా ఇప్పుడు ఇదే" అన్నాడు వాడు, నాకు కొత్త సంగతేదో చెబుతున్నట్టు మొహం పెట్టి. మా అమ్మ నలభై ఏళ్లపాటు ఒకే మనిషి దగ్గర వాడిక పాలు పోయించుకుంది. నేను ముప్పై నాలుగేళ్లు బీమా ఏజెంటుగా పాలకొల్లు నుంచి నరసాపురం దాకా సైకిలు మీదా, తర్వాత మోపెడ్ మీదా వాయిదాలు వసూలు చేశాను. అంచేత నెలనెలా డబ్బు రాబట్టే విద్య గురించి మాట్లాడే అర్హత నాకు ఉందనే అనుకుంటాను. మాంద్యం గురించి మాట్లాడే అర్హత ఈ జిల్లాలో రొయ్య వేసిన ప్రతివాడికీ ఉంది.

మాంద్యం మా ఊరికి ఓడెక్కి వచ్చింది. మన రొయ్యకి పెద్ద బేరగాడు అమెరికా. ఆ దేశం 2025 ఆగస్టు 7 నుంచి భారతదేశపు సరుకు మీద 25 శాతం సుంకం వేసి, అదే నెల 27 నుంచి దాన్ని 50 శాతం చేసింది. రొయ్య మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ సుంకాలు అవి వేరే. వాషింగ్టన్‌లో సంతకం పెట్టిన సిరా ఆరకముందే ఇక్కడ కౌంటు ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు) దిగాయి. టీ కొట్టు దగ్గర అమెరికా అధ్యక్షుణ్ణి అందరూ ఇంటిపేరు పెట్టి, సొంత బావమరిదిని తిట్టినట్టు తిట్టుకున్నారు. మర్నాటి నుంచి మా వాడికి చందాలు రద్దు చేసుకోవడం మొదలైంది.

వాడు దుఃఖాన్ని కూడా దిగుమతి చేసుకున్నాడు. 2008 అక్టోబరులో సికోయా క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ తను డబ్బు పెట్టిన కంపెనీల వాళ్లని కూర్చోబెట్టి, 'మంచి రోజులకు ఆత్మశాంతి కలుగుగాక' అనే అర్థం వచ్చే పేరుతో స్లైడ్లు చూపించింది. 2020 మార్చిలో కరోనా వస్తే మరో ఉత్తరం రాసింది. 2022 మేలో వై కాంబినేటర్ అనే మరో పెట్టుబడి సంస్థ కూడా తన వాళ్లకి అలాంటిదే రాసింది: దారుణానికి సిద్ధపడండి, చేతిలో డబ్బు ఎన్ని నెలలొస్తుందో చూసుకోండి అని. మా వైపు మనిషి పోయాక దినం కార్డు వేయిస్తాం. వాళ్లు ముందే అచ్చేయించి, పోబోయేవాడి చేతికే ఇస్తారు. మా వాడు ఆ కార్డులన్నీ ప్రింటు తీయించి గోడకి అంటించాడు. పక్కనే వెంకటేశ్వర స్వామి క్యాలెండరు.

"నెలకి 5 శాతమే పోతున్నారు మావయ్యా, మరీ అంత ఘోరం కాదు" అన్నాడు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. నెలకి 5 శాతం అంటే వెయ్యి చెరువులతో మొదలెట్టినవాడికి పన్నెండు నెలలయ్యేసరికి 540 మిగులుతాయి. అదే 2 శాతమైతే 785. ఇలా నెలనెలా జారిపోవడాన్ని వాళ్లు చర్న్ అంటారు, చిలికినట్టు. వెన్న ఎవరికొస్తుందో చెప్పరు. బీమాలో మేం దీన్ని తిప్పి చూసేవాళ్లం, పెర్సిస్టెన్సీ అని. పదమూడో నెలలో ఎన్ని పాలసీలు బతికున్నాయి, ఆ తర్వాత 25, 37, 49, 61 నెలల్లో ఎన్ని బతికున్నాయి అని లెక్క తీస్తారు. మొదటి ఏడాది కట్టినవాడు కస్టమరు కాదు, మన బావమరిది. మొహమాటానికి కట్టాడు. పదమూడో నెలలో మళ్లీ కట్టినప్పుడే వాడు కస్టమరు. ఈ ముక్క చెబితే మా వాడు "అదే మావయ్యా కోహార్ట్ అంటే, ఒకే కాలంలో చేరినవాళ్లని ఒక గుంపుగా లెక్కచూడటం" అని ఉత్సాహంగా కంప్యూటరు తెరిచాడు. చూస్తే మొదటి ఏడాది జనమంతా మా బంధువులే.

గట్టుకి గండి పడితే మా రైతు ముందు గండి పూడుస్తాడు. మా వాడు ఇంకో మోటారు బిగించాడు. అంటే, ప్రకటనలు పెంచాడు. ఉండి ఊరి రోడ్డులో ఫ్లెక్సీ, ఆకివీడు సెంటర్లో ఫ్లెక్సీ, అందులో చేతులు కట్టుకుని వాడి ఫోటో. ఒక్కో కొత్త చెరువుని పట్టడానికి అయిన ఖర్చు చందాల్లోంచి తిరిగిరావడానికి పదిహేను నెలలు పడుతోంది. నెలకి 5 శాతం జారిపోతుంటే చెరువు సగటున ఉండేది ఇరవై నెలలు. మిగిలిన ఆ అయిదు నెలల చందాలోంచే జీతాలు, సర్వర్ల అద్దె, ఏసీ కరెంటు బిల్లు, ఫ్లెక్సీ, అన్నీ రావాలి.

తర్వాత డిస్కౌంట్లు పెట్టాడు. రద్దు చేసుకుంటామని ఫోన్ చేసినవాళ్లకి మాత్రమే, అదీ గుట్టుగా, 40 శాతం తగ్గింపు. భీమవరంలో గుట్టు. పొద్దున్న ఒకడికి తగ్గిస్తే సాయంత్రానికి వీరవాసరం దాకా తెలిసిపోయింది. రద్దు చేసుకునే ఆలోచనే లేనివాళ్లు కూడా ఫోన్ చేసి, "ఏవండీ, మాదీ రద్దేనండి, ఆయ్, ఎంత తగ్గిస్తారేంటి?" అని అడిగారు. ధర ఒకసారి దించడం కొత్త అల్లుడికి మొదటి సంక్రాంతికి వంద రకాలు వడ్డించడం లాంటిది. రెండో సంక్రాంతికి తొంభై పెట్టి చూడండి, అమ్మాయి కాపురం గురించి ఊరంతా ఆరా తీస్తుంది. సంక్రాంతి మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నెలకి కొన్ని వందలు పొదుపు చేద్దామని ఫోన్‌లో చందా పీకేసిన పెద్దమనుషులే మూడు రోజులు కోడిపందేల బరి దగ్గర దర్జాగా నిలబడతారు. మాంద్యానికి బరిలోకి ప్రవేశం లేదు. ఈ మార్కెట్ పరిశోధన ఏ బెంగళూరు కన్సల్టెంటూ చేయలేదు.

రద్దు మీట సంగతి చూస్తే, మా వాడు దాన్ని ఏడు తెరల వెనక దాచాడు. పెద్ద పెద్ద కంపెనీలే అలా చేస్తాయట. నాకు నవ్వొచ్చింది. మా డెల్టాలో వాడిక మాన్పించడం కన్నా కష్టమైన పని లేదు, దానికి తెరలక్కర్లేదు. పాలు మాన్పించాలంటే ముందు పాలాయన ఇంటికి వెళ్లాలి. కూర్చోవాలి. గేదె ఆరోగ్యం అడగాలి. కాఫీ ఇస్తారు, తాగాలి, అది ఆయన పాలతో పెట్టిన కాఫీయే. "అబ్బాయి హైదరాబాదు వెళ్లిపోయాడండీ, పాలు మిగిలిపోతున్నాయి…" అని మొదలెట్టాలి. ఆయన "అయ్యో, మరి తోడెట్టేయండి, పెరుగు ఒంటికి మంచిది" అంటాడు. చివరికి ఇంకో అర లీటరు ఎక్కువ పొయ్యమని చెప్పి ఇంటికి రావాలి. పాత కస్టమరు దగ్గరే ఏటేటా ఎక్కువ డబ్బు రావడాన్ని నెట్ రెవెన్యూ రిటెన్షన్ అంటారట, అది వంద శాతం దాటితే పెట్టుబడిదారులు కాళ్లు మొక్కుతారట. మా పాలాయనది ఎప్పుడూ వందకి పైనే. నీళ్లు కలిపినా.

ఇన్ని రద్దుల్లో ఓ పెద్ద భాగం కోపంతో చేసుకున్నవి కావని తర్వాత తేలింది. కార్డు గడువు అయిపోయింది, లేకపోతే బ్యాంకు కాదంది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు మీద తనంతట తను కోసుకునే చందాకి ఒకరోజు ముందు కబురు పంపాలి, అయిదు వేలు దాటితే మళ్లీ ఓటీపీ కావాలి. 2022లో ఆ హద్దు పదిహేను వేలకి పెరిగింది. దేశమంతా చందా కంపెనీలు అప్పట్లో లబోదిబోమన్నాయి. మా రైతుకి ఆ కబురు వచ్చే నంబరేమో హైదరాబాదులో కొడుకు దగ్గరుంది. కొడుకేమో ఏదో మోసం మెసేజి అనుకుని తుడిచేస్తున్నాడు. వాడికి తెలియకుండానే నాన్న రద్దయిపోయాడు. బీమాలో అయితే నెల వాయిదాకి 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు గ్రేస్ పీరియడ్ ఉండేది. ఆ లోపు నేను మోపెడ్ వేసుకుని వెళ్లి, గుమ్మంలో నిలబడి దగ్గేవాణ్ణి. సర్వర్లకి దగ్గు రాదు.

అసలు తప్పు మరొకటి ఉంది, అది చెప్పడానికే ఇంత దూరం నడిచాను. నెల అనేది మా వాడు కనిపెట్టిన కాలమానం. మేం పెంచే వనామీ రకం రొయ్యకి నెల లేదు. మూడు నాలుగు నెలలు చేతిలోంచి డబ్బు పోతూనే ఉంటుంది, పట్టుబడి రోజున, అంటే రొయ్య పట్టి అమ్మిన రోజున, ఒక్కసారి వస్తుంది. వరిలో సార్వా (వానాకాలం పంట), దాళ్వా (రెండో పంట) ఎలాగో రొయ్యలో పంట అలాగ. ప్రతి నెలా ఒకటో తారీకున, చెరువులో రొయ్య ఇంకా పది గ్రాములు లేనప్పుడు, రైతు జేబులో చెయ్యి పెట్టడం ఏ ఊరి వ్యాపారం? కింద కొట్టాయన్ని చూడు. మేతంతా అరువు మీద ఇచ్చి పట్టుబడికి సర్దుకుంటాడు. చందాల ధరలు ఎలా పెట్టాలో నేర్చుకోవడానికి మా వాడు బెంగళూరు వెళ్లి మూడు రోజుల సదస్సులో కూర్చుని, మెళ్లో కార్డు వేసుకుని వచ్చాడు. జవాబు పద్దెనిమిది మెట్ల కింద, మేత బస్తాల మీద కూర్చుని పేపరు చదువుకుంటోంది.

'విరామం' మీట కూడా మా వాడికి తట్టలేదు. ఉంటే ఉండు, లేకపోతే పో. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వా వరి వేయకుండా పంట విరామం ప్రకటించారు. ఎవరూ పొలం అమ్ముకుని పారిపోలేదు, ఆ ఒక్క పంట ఆపారు. చెరువు ఎండగట్టిన రైతు కూడా అంతే, మళ్లీ సీడు (రొయ్య పిల్ల) వేస్తాడు. అతని లెక్కలు భద్రంగా దాచి, నామమాత్రం రుసుము తీసుకుంటే సరిపోయేది. మా వాడి సాఫ్టువేరు మాత్రం చందా ఆగిన ముప్పయ్యో రోజున మూడు పంటల లెక్కలు తుడిచేసేది. తిరిగొద్దామనుకున్నవాడికి తిరిగి రావడానికి ఏమీ మిగల్చలేదు.

ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. ఆ రోజుల్లోనే పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకుల తలుపులు బాగుచేయాలి. నీళ్లొదిలాక ఎవడూ కాలువలో దిగలేడు. బేరాలు లేని రోజుల్లో మా వాడి ఇంజినీర్లు కూడా పాత కోడులో పెరిగిన గుర్రపుడెక్క తీస్తారనుకున్నాను. తీయలేదు. కృత్రిమ మేధ జోడించారు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే ఒక బొమ్మ రొయ్య మీసాలు ఊపుతూ 'శుభోదయం' అంటుంది. మేత లెక్క మాత్రం ఎప్పటిలాగే రెండుసార్లు పడుతుంది.

మాంద్యంలో ఎదగడం కుదరదని కాదు. కరువులు, 1839 తుపాను ఈ జిల్లాని పిప్పి చేశాకే కదా కాటన్ దొర డబ్బు కోసం పైవాళ్లకి కాగితాలు రాసింది. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. ఏటేటా నీరు, ఏటేటా నీటి తీరువా. ఇంతకన్నా పెద్ద వాడిక ఈ నేల మీద ఎవరూ పెట్టలేదు. ఈ మాట చెబితే మా వాడు దాన్ని తన స్లైడ్లలో కాటన్ బొమ్మతో సహా పెట్టుకుని, కింద తన ఫోటో పెట్టాడు.

ఆఖరికి మనుషుల్ని తీశాడు. తొమ్మిది మందిలో ముగ్గురిని. మెయిల్లో 'మనమంతా ఒక కుటుంబం' అని మొదలెట్టాడు. మా ఇళ్లల్లోనూ అన్నదమ్ములు వేరుపడతారు, కానీ పెద్దమనుషుల మధ్య, గిన్నెలు లెక్కపెట్టుకుని, ఏడ్చి వేరుపడతారు. మొదట పోయింది ఆ మెట్ల మీది కుర్రాడు, ఆదాయం తేవడం లేదని.

నేనే మోపెడ్ తీసి రద్దు చేసుకున్న రైతుల్లో పదిమందిని కలిశాను. పాలకోడేరు దగ్గర ఒకాయన కొబ్బరి బొండం కొట్టించి, మొహమాటంగా నేలచూపులు చూస్తూ చెప్పాడు. "సాఫ్టువేరుకేం, బంగారం అండి. ఆ కుర్రాడు లేడు కదండీ. అర్ధరాత్రి రొయ్య తేలిపోతందని ఫోన్ చేస్తే, ముందు ఏరేటర్లన్నీ వేసెయ్యండి బాబాయ్, మేత ఆపెయ్యండి అనేవోడు. ఇప్పుడు ఫోనెత్తితే ఇంగిలీషులో పాటొస్తందండి." ఆ కుర్రాడికి అందరూ ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అతను ఇంట్లో కూర్చుని ఊరికే చెబుతూనే ఉన్నాడు. అర్ధరాత్రి ఫోన్ చేసినవాడికి చెప్పకుండా ఎలా పెట్టేస్తాడు?

ఇవన్నీ మా వాడికి చెప్పాను. శ్రద్ధగా రాసుకున్నాడు, నన్ను సలహాదారుగా పెట్టుకుంటానన్నాడు, నెలకి అయిదు వేలు. మూడు నెలలు ఇచ్చాడు. నాలుగో నెల ఇవ్వలేదు. అడగలేదు నేను, చెప్పలేదు వాడు. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నాడు. నా పద్దు పుస్తకంలో 'ల్యాప్స్' అని రాయబోయి, 'గ్రేస్ పీరియడ్' అని రాసుకున్నాను. పోయిన వారం వాళ్లమ్మ చేతికిచ్చి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పంపాడు. పది ఉండే డబ్బా. విప్పి చూస్తే ఎనిమిదే ఉన్నాయి.