సవరణ: కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ల డబ్బు గురించి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద మొన్న పెట్టిన పోస్టులో, "2021లో సుప్రీంకోర్టు ఆటగాళ్లకు జీతాలు ఇవ్వమని తీర్పు చెప్పింది" అని రాశాను. అది తప్పు. రెండు మూడు వేర్వేరు సంగతులను కలిపేశాను.

2021 జూన్‌లో ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదువుకు సంబంధించిన సాయం వరకే. కంప్యూటర్లు, పైచదువుల స్కాలర్‌షిప్‌ల వంటి వాటికి ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) పరిమితి పెట్టకూడదంది, అంతే. ఆ జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి సంపాదించుకునే వీలు దొరికింది. అది ఎన్‌సీఏఏ తన నిబంధన సడలించడం వల్ల వచ్చింది. పైగా ఆ డబ్బు ఇచ్చేది బయటి కంపెనీలు, దాతలు, కాలేజీ కాదు.

కాలేజీలే నేరుగా ఇవ్వడం 2025 జులై 1న మొదలైంది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన 'హౌస్' అనే మరో కేసులో కుదిరిన రాజీకి ఆ జూన్‌లో ఫెడరల్ జడ్జి ఆమోదముద్ర వేశారు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. కొందరు కామెంట్లలో అనుకున్నట్టు ఇది ఒక్క ఫుట్‌బాల్‌కే కాదు, అన్ని ఆటలకూ కలిపి. ఇచ్చి తీరాలనీ లేదు. పెద్ద కాలేజీల్లో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతోందన్నది మాత్రం నిజం. స్విమ్మింగ్, టెన్నిస్ జట్ల వాళ్లకు టెన్షన్ అందుకే.

జీతం అన్న మాట కూడా సరికాదు. ఆ రాజీ ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించలేదు. కోర్టు పత్రాలు, ఎన్‌సీఏఏ ప్రకటనలు చూసి ఇది రాశాను. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.