బులెటిన్‌కు ఎక్కని చావులు

తెలంగాణలో కొవిడ్ మరణాలు 4 వేల లోపేనని 2022 జనవరి నాటి సర్కారు లెక్క. అప్పటికే మృతుల కుటుంబాలకిచ్చే రూ.50 వేల పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు 14 వేల పైచిలుకు, దరఖాస్తులు 36 వేలకు పైనే. సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన అంకెలివి. దరఖాస్తు చేసిన ప్రతి ఇంట్లోదీ కొవిడ్ మరణమేనని మేము అనడం లేదు. పరిహారం కోసం పెట్టుకున్న నిర్వచనం కూడా కాస్త విశాలమైనదే. అయినా తెలంగాణలోని ఏడు రెట్ల తేడాకు ఆ ఒక్క జవాబు చాలదు. రాష్ట్రం మొత్తమ్మీద పదిలోపు మరణాలని సర్కారు కొవిడ్ బులెటిన్‌లో చదివి, ఆ వారమే తన వీధిలో రెండు పాడెలు లేవడం చూసిన మనిషి, మర్నాడు అదే ప్రభుత్వం టీకా వేయించుకోమంటే ఎందుకు నమ్మాలి?

జనం వాట్సాప్ వదంతులు నమ్మి మా మాట పెడచెవిన పెట్టారని అధికారులు నేటికీ అంటుంటారు. ఇది అన్యాయం. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అంటే ఇల్లు కదల్లేదు. రెండు రోజులకే, నాలుగు గంటల గడువిచ్చి లాక్‌డౌన్ పెడితే పనులు పోగొట్టుకుని మరీ భరించారు. అంత నమ్మకాన్ని చేజేతులా పోగొట్టుకున్నది ప్రభుత్వాలే.

ఆ మార్చిలోనే ఇద్దరు తెలుగు ముఖ్యమంత్రులూ పారాసిటమాల్ చాలన్నట్టు మాట్లాడారు. ఒకరు మన ఎండలకు వైరస్ బతకదన్నారు, మరొకరు బ్లీచింగ్ పౌడర్ సంగతి చెప్పారు. ఇది హెల్త్ ఎమర్జెన్సీ కాదని మార్చి 13న కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. మే 16 నాటికి కొత్త కేసులు సున్నాకు చేరతాయన్నట్టు ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి ఒక గ్రాఫ్ చూపించారు. హైదరాబాద్‌లో తయారవుతున్న టీకా ఆగస్టు 15 కల్లా రావాలని జులైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లేఖ రాసింది. కొత్త జబ్బు గురించి అంచనా తప్పడం నేరం కాదు. ఇంకా తెలియని విషయాన్ని తెలిసినట్టే చెప్పడం, తప్పని తేలాక ఆ ఊసే ఎత్తకపోవడం జనాన్ని దూరం చేశాయి.

చావుల లెక్క దగ్గర జరిగింది ఇంకా దారుణం. 2021 మేలో ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు వచ్చేలోపే ఊపిరి అందక పోయినవాళ్లున్నారు. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నట్టు కనిపించినా, చేతిలో పాజిటివ్ కాగితం లేదు కాబట్టి మరణ కారణం గుండెపోటు అయిపోయింది. ఆ కుటుంబాలు దుఃఖంలోనే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాయి. ఆ నెల 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. జులై 20న రాజ్యసభలో కేంద్రమేమో, ఆక్సిజన్ కొరతతో మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా తెలపలేదంది. రుయా వార్డు బయట ఏడ్చినవాళ్లకు ఆ జవాబు ఎలా వినబడి ఉంటుంది?

ఇలాంటి రోజుల్లోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య మందు కోసం వేలమంది క్యూ కట్టారు. దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయడం తేలిక. పట్నంలో బెడ్ దొరకదని, దొరికినా బిల్లు కట్టలేమని తెలిసిన మనిషి, ఎదురుగా నిలబడి ‘నేనున్నా’ అన్నవాడి దగ్గరికే వెళ్తాడు. ఉన్నదున్నట్టు మాట్లాడాల్సిన వైద్యుల నోరేమో నొక్కారు. మాస్కులు చాలడం లేదన్న నర్సీపట్నం ప్రభుత్వ డాక్టరును 2020 ఏప్రిల్‌లో సస్పెండ్ చేశారు. బులెటిన్‌లో వివరాలు సరిగా ఇవ్వండని తెలంగాణ హైకోర్టు పదే పదే మందలించాల్సి వచ్చింది.

కేరళ లెక్కలోనూ మొదట మరణాలు తప్పిపోయాయి. విమర్శలు వచ్చాక 2021 అక్టోబరు నుంచి పాత మరణాలను వేలల్లో కలిపింది. సంఖ్య పెరిగిందని పరువేమీ పోలేదు. దేశం మొత్తానికి 2020, 2021లో కలిపి మామూలుగా జరిగేవాటికన్నా 47 లక్షల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే, ఆ పద్ధతే తప్పని కేంద్రం కొట్టిపారేసింది. 2021లో నమోదైన మరణాల సొంత లెక్కను మాత్రం 2025 మే దాకా బయటపెట్టలేదు. పెట్టాక చూస్తే ముందటేడాది కన్నా దాదాపు 21 లక్షలు ఎక్కువ. అవన్నీ కొవిడ్ చావులు కాకపోవచ్చు. కానీ అంతకాలం ఎందుకు దాచారో ఎవరూ చెప్పలేదు.

రెండు తెలుగు రాష్ట్రాలూ మరణాల నమోదు వివరాలను జిల్లాలవారీగా నెలనెలా ప్రజల ముందు పెట్టాలి. అంటువ్యాధి వచ్చినప్పుడు నిర్ధారణ అయిన మరణాలతో పాటు అనుమానిత మరణాలనూ బులెటిన్‌లో విడిగా చూపాలి. రోజువారీ వివరాలు చెప్పే బాధ్యత మంత్రులకు కాకుండా ప్రజారోగ్య నిపుణులకు ఇవ్వాలి, వాళ్లు ‘ఇది మాకింకా తెలియదు’ అన్నా ఉద్యోగానికి ముప్పు రాకూడదు. ఇందుకు కొత్త చట్టాలు, కోట్ల బడ్జెట్లు అక్కర్లేదు. ఆ మరణాల నమోదు పంచాయతీ ఆఫీసుల్లో, మున్సిపాలిటీల్లో ఇప్పటికే జరుగుతోంది.