గోల్ ఖాళీ చేసే దమ్ము గోల్‌కీపర్‌కే ఉంటుంది

ఐస్ హాకీలో ఒక పాత నమ్మకం ఉంది. గోల్‌కీపర్లు మంచి కోచ్‌లు కాలేరట. జట్టంతా ఒక ఆట ఆడుతుంటే కీపర్ ఒక్కడే ఇంకో ఆట ఆడుతుంటాడు, దాడి ఎలా కట్టాలో వాడికేం తెలుస్తుంది అన్నది వాదన. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్ల హెడ్ కోచ్‌లలో ఎక్కువమంది ఒకప్పటి ఫార్వర్డ్‌లు, డిఫెన్స్ ఆటగాళ్లే కావడం వెనక ఈ నమ్మకం కూడా ఉంది. గోల్‌కీపర్‌గా ఆడి తర్వాత కోచ్ అయిన పాట్రిక్ రువా కెరీర్ చూశాక కూడా ఆ మాట పట్టుకుని వేలాడటం మొండితనం తప్ప ఇంకేం కాదు.

ఆటగాడిగా ఆయన గొప్పతనం మీద ఎవరికీ పేచీ లేదు. మాంట్రియల్‌కు 1986, 1993లో, కొలరాడోకు 1996, 2001లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌లు. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ మూడుసార్లు. రెగ్యులర్ సీజన్లలో 551 విజయాలు. అది పక్కన పెడదాం. నాకు ఆసక్తి కలిగించేది ఆయన జీవితంలోని రెండు సాయంత్రాలు. రెండింటిలోనూ ప్రశ్న ఒకటే: కీపర్‌ని ఎప్పుడు బయటికి తీయాలి?

మొదటిది 1995 డిసెంబర్ 2. మాంట్రియల్ సొంత గడ్డ మీద డెట్రాయిట్ చేతిలో చిత్తవుతోంది. గోల్ మీద గోల్ పడుతున్నా కోచ్ మారియో ట్రెంబ్లే రువాను బయటికి పిలిచి మరో కీపర్‌ని దింపలేదు. ఒక తేలిక షాట్ ఆపితే జనం వెటకారంగా చప్పట్లు కొట్టారు. ఆయన కూడా అంతే వెటకారంగా చేతులు పైకెత్తి అందుకున్నాడు. 26 షాట్లలో తొమ్మిది గోల్స్ పడ్డాక గానీ పిలుపు రాలేదు. రువా కోచ్ ముందు నుంచి నడిచి, బెంచీ వెనక కూర్చున్న క్లబ్ ప్రెసిడెంట్ రొనాల్డ్ కోరీ దగ్గరికి వెళ్లి, మాంట్రియల్‌కి ఇదే తన చివరి మ్యాచ్ అని ముఖం మీదే చెప్పేశాడు. నాలుగు రోజుల్లో కొలరాడోకి ట్రేడ్ అయ్యాడు. ఆ సీజన్‌లోనే కప్ గెలిచాడు. 1993 కప్ తర్వాత ముప్పై ఏళ్లు గడిచినా మాంట్రియల్‌కి మరొకటి దక్కలేదు. కోచ్ పంతానికి ఇంత ఖరీదు కట్టిన క్లబ్ ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

రెండోది 2014 ఏప్రిల్. ఈసారి రువా కొలరాడో కోచ్. మినెసోటాతో ప్లేఆఫ్ సిరీస్ తొలి మ్యాచ్‌లో 3-4తో వెనకబడి ఉన్నారు. అప్పటి ఆనవాయితీ ప్రకారం చివరి నిమిషంలోనో, ఇంకాస్త ముందో కీపర్‌ని తీసి ఆరో ఆటగాడిని దాడికి పంపుతారు. రువా దాదాపు మూడు నిమిషాలు మిగిలి ఉండగానే తన కీపర్ వార్లమోవ్‌ని పిలిచేశాడు. ఖాళీ గోల్‌లోకి జారిపోతున్న పక్‌ని, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని, డిఫెన్స్ ఆటగాడు ఎరిక్ జాన్సన్ వెంటాడి, ఒళ్లు విరుచుకుని దూకి, గీత దాటకముందే తోసేసి, గోల్ చట్రంలోకే వెళ్లి గుద్దుకున్నాడు. చివరికి 13 సెకన్లు మిగిలుండగా కొలరాడో ఆటగాడు స్టాస్ట్నీ స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో గెలిపించిందీ అతనే. అయిదో మ్యాచ్‌లోనూ ఇదే ఎత్తు పారింది.

లెక్క చాలా సింపుల్. ఒక్క గోల్ తేడాతో ఓడినా, రెండు గోల్స్ తేడాతో ఓడినా ఓటమి ఓటమే. కాబట్టి కీపర్‌ని ముందే తీయాలని గణాంకాల వాళ్లు అంతకుముందు నుంచే మొత్తుకుంటున్నారు. కోచ్‌లకు ధైర్యం చాలలేదు, అంతే. తెలియనిదాని మీదే మనిషికి భయం ఎక్కువ. ఎన్నడూ ఆ గోల్ ముందు నిలబడని కోచ్‌కి ఖాళీ గోల్ అంటే గుండె దడ. రువా పందొమ్మిది సీజన్లు అక్కడ నిలబడ్డాడు. పైగా మిగతావాళ్లు ముప్పావు నిమిషం ఆడి బెంచీ మీద కూర్చుంటే, కీపర్ అరవై నిమిషాలూ ఆటను ఎదురుగా చూస్తూ ఉంటాడు. దాడి ఎక్కడ పుడుతుందో వాడికంటే ముందు ఎవరికి తెలుస్తుంది?

విమర్శకుల మాటా విందాం. 2013-14లో కొలరాడో 112 పాయింట్లు సాధించడం, రువాకు ఉత్తమ కోచ్ అవార్డు రావడం వార్లమోవ్ చలవ, కొంత అదృష్టం అంటారు. తర్వాతి సీజన్లలో 90కి, 82కి పడిపోయిన మాట నిజమే. కోచ్‌గా తన తొలి మ్యాచ్‌లోనే ప్రత్యర్థి బెంచీ వైపు అద్దం గోడను తోసి 10,000 డాలర్ల జరిమానా కట్టిన కోపిష్ఠి అన్నదీ నిజమే. కానీ ఆయన 2016 ఆగస్టులో రాజీనామా చేసి వెళ్లాక అదే జట్టు మరుసటి సీజన్‌లో 48 పాయింట్లకు దిగజారింది. దానికీ అదృష్టాన్నే అంటారా?

అసలు జబ్బు హాకీది కాదు. అలవాటైన దారిలో నడిచి ఓడితే ఎవరూ అడగరు, కొత్త దారిలో ఓడితే ఉరి తీస్తారు. 2023లో ఎడ్జ్‌బాస్టన్‌లో బెన్ స్టోక్స్ తొలిరోజే 393/8 దగ్గర డిక్లేర్ చేసి, రెండు వికెట్ల తేడాతో ఓడినప్పుడు ఎంత రచ్చ చేశారు! మన హైదరాబాద్ సంగతే చూడండి. 2024లో సన్‌రైజర్స్ 277, 287 కొడుతుంటే ఈలలు వేసినవాళ్లే, ఫైనల్లో 113కి ఆలౌటయ్యాక తలా తోకా లేని ఆట అన్నారు. ఆ తలా తోకా లేని ఆటే వాళ్లను ఫైనల్ దాకా తెచ్చిందన్న సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదు. జాగ్రత్తగా 150 కొట్టి ఓడిన జట్లను మాత్రం మనం ఏనాడూ నిలదీయం.

మినెసోటాతో ఆ సిరీస్‌ను కొలరాడో ఏడో మ్యాచ్‌లో పోగొట్టుకుంది. రువా జూదమే ముంచిందని అనుకునేవాళ్లు ఆ మ్యాచ్ స్కోరు చూడాలి. కొలరాడో నాలుగుసార్లు ఆధిక్యంలోకి వెళ్లి, నాలుగుసార్లూ దాన్ని చేజార్చుకుని, ఓవర్‌టైమ్‌లో 4-5తో ఓడింది. ఆ అయిదు గోల్స్‌లో ఒక్కటీ ఖాళీ గోల్‌లో పడింది కాదు. ఇవాళ ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండు నిమిషాలకు పైగా ఉండగానే కీపర్‌ని తీసేయడం మామూలైపోయింది. అప్పుడు పిచ్చి అన్నవాళ్లు ఇప్పుడు దాన్ని స్ట్రాటజీ అంటున్నారు.