దగ్గుతో వచ్చినవారిని పనేమిటో అడగండి

తాడిపత్రి, బేతంచెర్ల, యర్రగుంట్ల చుట్టూ ఎటు వెళ్లినా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలే. ఎన్నో ఊళ్లలో ఇళ్ల ముందు పరిచే బండలు ఇక్కడ తయారైనవే. వాటిని కోసి, అంచులు చెక్కి, నునుపు చేసే కూలీల ఊపిరితిత్తుల గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ.

రాతిని కోసినప్పుడు అందులోని సిలికా అనే ఖనిజం కంటికి ఆనని పొడిగా లేస్తుంది. కాస్త పెద్ద రేణువులను ముక్కు, గొంతు ఆపేస్తాయి. 4 మైక్రాన్లలోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కట్టి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఇదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు, పని మానేసినా ముదరవచ్చు. గ్రానైట్ కంటే నాపరాయిలో సిలికా తక్కువన్నది నిజమే. కానీ తాడిపత్రిలో గ్రానైట్ కోసే యూనిట్లూ ఉన్నాయి, కూలీ ఏ పని దొరికితే ఆ పనికి పోతాడు.

అసలు చిక్కు ఆసుపత్రిలో మొదలవుతుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం... చూడగానే టీబీ అనిపిస్తుంది. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే ముప్పు కూడా ఎక్కువే. అందుకే ఒకటి ఉంటే రెండోది మరుగున పడిపోతుంది. నెలల తరబడి టీబీ మందులు మింగినా ఆయాసం తగ్గని మనిషి మళ్లీ అదే దుమ్ములోకి వెళ్తాడు. ఓపీలో "ఏం పని చేస్తావయ్యా, ఎన్నేళ్ల నుంచి?" అని ఒక్క మాట అడిగితే కథ మారుతుంది. ఆ జవాబు ఓపీ చీటీలో రాయడాన్ని తప్పనిసరి చేయాలని మేం కోరుతున్నాం. 1948 నాటి కర్మాగారాల చట్టంలోనే సిలికోసిస్‌ను గుర్తించిన వైద్యుడు అధికారులకు తెలపాలని రాశారు. గుర్తించనిదే తెలిపేదేముంది?

నీళ్లు చల్లుతూ కోస్తే పొడి చాలావరకు అణుగుతుంది. అంచులు చెక్కే చోట పొడిని లాగేసే ఫ్యాన్లు పెట్టించాలి. 40 డిగ్రీల ఎండలో మూతికి కట్టుకున్న తువ్వాలు ఆ సన్నపొడిని ఆపలేదు. మాస్క్ పెట్టుకోలేదని కూలీనే తప్పుపట్టడం అన్యాయం. రోడ్డు పక్కన పోసే పాలిష్ బురద సంగతీ చూడాలి. ఎండిపోయాక లారీ పోయిన ప్రతిసారీ లేచి, ఫ్యాక్టరీ గడప తొక్కని పిల్లల మీద కూడా పడేది అదే.

రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, సిలికోసిస్ నిర్ధారణ అయిన కార్మికుడికి 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. మన ప్రభుత్వమూ అలాంటి విధానం తేవాలి. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా ప్రభుత్వ బోధనాసుపత్రులున్నాయి. నెలకో రోజు రాతి కార్మికులకు ఎక్స్‌రే, శ్వాస పరీక్షలు చేసి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ముందుగా అక్కడే మొదలుపెట్టాలి. ఆ రోజు కూలీ డబ్బు యజమానులే ఇవ్వాలి, లేకపోతే పరీక్షకు ఎవరూ రారు.